మెకానిక్ నిలబడగలిగే మోటారు గది

మాది ఉలవపాడు దగ్గర ఒక చిన్న పల్లె. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు మా మండలం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది గానీ, మా తోట మీదికి వచ్చే గాలీ వానా మాత్రం మారలేదు. సముద్రం తూర్పున కొద్ది దూరంలోనే ఉంటుంది. నేల ఇసుక నేల. 15, 20 అడుగులు తవ్వితే తీపి నీళ్ళు పడతాయి. ఆశపడి ఇంకా లోతుకు పోతే ఉప్పు నీళ్ళు తగులుతాయి. అందువల్ల ఈ చుట్టుపక్కల మామిడి, సపోటా తోటలు చాలావరకు ఈనాటికీ గుండ్రటి ఒరలు ఒకదాని మీద ఒకటి దించిన ఒరల బావుల మీదా, దొరువులనే లోతు తక్కువ గుంటల మీదా, ఇసుకలోకి దించిన జల్లెడ పైపులైన ఫిల్టరు పాయింట్ల మీదా ఆధారపడి బతుకుతున్నాయి. మా నాన్న తవ్వించిన ఒరల బావి 24 అడుగుల లోతు. దాని మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (పంపూ మోటారూ ఒకే ముక్కగా ఉండేది) మోటారు ఒకటి నడుస్తున్నది. ఆ మోటారుకు నేను ఒకసారి తప్పుగానూ, ఒకసారి చాలావరకు సరిగానూ కట్టించిన గది గురించి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మొదటిది 2009లో కట్టించాను. పొడవు 5 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు కూడా 5 అడుగులే. పైన సిమెంటు రేకులు రెండు, వాటి మీద బరువుకు కొన్ని ఇటుకలు, రెండు ఇసుక బస్తాలు. మోటారు మీద వాన పడకుండా ఉంటే చాలునన్నదే అప్పటి నా ఆలోచన. అంతకు ముందు మా నాన్న ఆయిల్ ఇంజను మీద వేసిన తాటాకు పాక 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానుకు ఆనవాలు లేకుండా పోయింది. ఆ పాకతో పోలిస్తే ఇటుక గోడలున్న ఈ గది కోటలాగా కనిపించేది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు అది మాకు తూర్పున, తీరం వెంబడే ఉత్తరానికి ప్రయాణించడం వల్ల, మొదట ఈశాన్యం నుంచి కొట్టిన గాలి క్రమంగా ఉత్తరానికి తిరిగి, ఆఖరున పడమటి నుంచి వీచింది. మన వైపు తుపాను సుడి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, దాని కేంద్రం మనల్ని దాటి పైకి పోగానే గాలి సముద్రం వైపు నుంచి కాక భూమి వైపు నుంచి రావడం సహజమే. ఎన్నో ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన నాకు ఈ సంగతి తెలియనిది కాదు. కానీ తెలిసిన సంగతిని గది కట్టేటప్పుడు జ్ఞాపకం చేసుకోవడం వేరు. తెల్లవారి తోటలోకి వెళ్ళి చూస్తే గోడలు నాలుగూ నిలిచే ఉన్నాయి. ఒక రేకు బావి గట్టు మీద ముక్కలై పడి ఉంది, రెండోది పక్కవారి సపోటా చెట్ల మధ్య దొరికింది. ఇసుక బస్తాలు మాత్రం బుద్ధిగా మోటారు మీదికి జారి కూర్చున్నాయి.

నష్టం అక్కడితో ఆగి ఉంటే రెండు రేకుల ఖర్చుతో పోయేది. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు గనుక మేమందరం, అది రాగానే మోటారు దానంతటదే తిరిగేలా, స్టార్టరు స్విచ్చిని ‘ఆటో’ మీద పెట్టి ఇంటికి పోతుంటాము. రాత్రంతా తడిసిన మోటారు, లోపల నీళ్ళు నిలిచిన స్టార్టరు పెట్టె, ఆటో మీదున్న స్విచ్చి — లైను బాగు చేసి కరెంటు ఇచ్చిన రోజు ఈ మూడూ కలిశాయి. నేను వెళ్ళేసరికి గదిలో కాలిన వార్నిషు వాసన తప్ప ఏమీ మిగలలేదు. తుపాను హెచ్చరిక వినగానే తోటకు వెళ్ళి ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని వస్తే ఆ మోటారు బతికేది. ఆ పని ఇప్పుడు తప్పకుండా చేస్తున్నాను.

సింగరాయకొండ నుంచి మోటారు మెకానిక్‌ను పిలిపించాను. అతను నాలుగు అడుగుల తలుపులోంచి వంగి లోపలికి దూరి, వంగే పని మొదలుపెట్టాడు. మోటారుకూ వెనక గోడకూ మధ్య జానెడు సందు కూడా లేదు. వెనక బోల్టుకు పానా పట్టించాలంటే చెంప గోడకు ఆనించి, కంటికి కనపడని చోట చేత్తో తడుముకోవాలి. డెలివరీ పైపును 2009 నాటి మేస్త్రి గోడలో సిమెంటుతో కలిపి కట్టేశాడు, పైపును విప్పి బిగించుకునే యూనియన్ జాయింటు పెట్టలేదు. చివరికి హాక్సా బ్లేడుతో పైపును కోసి, మోటారును తాడుతో ఈడ్చి బయటపడేయడానికి మూడు గంటలకు పైగా పట్టింది. అతను బయటికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "అయ్యోరా, వైండింగు కట్టినందుకు కూలి తీసుకుంటాను సరే, ఈ గూట్లో వొంగినందుకు ఎంత తీసుకోమంటారు?" అని అడిగాడు. నేను నవ్వాను గానీ, రాత్రి పడుకున్నాక ఆ మాటే మెదిలింది. నేను మోటారుకు గూడు కట్టాను. ఆ మోటారు దగ్గరికి జీవితాంతం ఒక మనిషి రావలసి ఉంటుందన్న లెక్క వేయలేదు.

ఇటువంటి పొరపాటే మా బావ ఇంకొక రకంగా చేశాడు. వాళ్ళ ఊరు కందుకూరుకు పడమర. అక్కడ బోర్లే గతి. చక్కగా బోరు నడిమధ్యకు వచ్చేలా గది కట్టి, పైన స్లాబు పోయించాడు. నాలుగేళ్ళకు, బోరు లోపల నీళ్ళలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు ఆగిపోయింది. దించిన జీఐ (జింకు పూసిన ఇనుప) పైపులు ఒక్కొక్కటి 20 అడుగులు. వాటిని ఒకదాని తరువాత ఒకటి నిటారుగా పైకి లాగి విప్పాలి. ఎనిమిది అడుగుల గదిలో ఇరవై అడుగుల పైపు ఎలా లేస్తుంది? స్లాబుకు సమ్మెటతో బొక్క కొట్టి, దాని మీద ట్రైపాడ్ నిలిపి లాగవలసి వచ్చింది. బోరున్నవారు చేయదగింది ఒకటే: బోరుకు ఒరలాగా దించే కేసింగు పైపును గది బయటనే ఉంచి, దాని మూతికి గట్టి మూత బిగించి, గదిలో స్టార్టరూ వాల్వులూ మాత్రమే పెట్టుకోవడం. సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఎండా వానా బాధ లేదు. గది కావలసింది దాని కరెంటు పెట్టెకే.

నా సంగతికి వస్తే, ముందుగా స్థలం. ఒరలు దించేటప్పుడు చుట్టూ ఇసుక కదులుతుంది. పైకి గట్టిగా కనిపించినా ఆ నేల ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కుంగుతూనే ఉంటుంది. పాత గది బావి అంచుకు రెండు అడుగుల దూరంలోనే ఉండేది, దాని ఉత్తరపు గోడ నిలువునా నెర్రె విచ్చింది. ఈసారి బావికి దక్షిణాన, అంచు నుంచి 6 అడుగులు వదిలి పునాది తీయించాను. ఇంకా దూరం పోవచ్చు గానీ, బావి నుంచి మోటారు వరకు వచ్చే సక్షను పైపు ఎంత పొడుగైతే అంత నష్టం. ఆ పైపు మోటారు వైపుకు ఏకధాటిగా కొంచెం ఎగువకే పోవాలి తప్ప మధ్యలో ఎక్కడా ఒంటె మూపులాగా లేచి దిగకూడదు. లేచిన చోట గాలి నిలిచి, నీళ్ళు పోసి పోసి చేతులు పడిపోయినా మోటారు అందుకోదు.

ఆ తరువాత వచ్చింది గది మట్టం ఎంత ఎత్తున ఉండాలన్న ప్రశ్న. నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దీని దగ్గరే. 2015 నవంబరు వానలకు మా తోటలో ఒక అడుగు నీళ్ళు నిలిచాయి. కాబట్టి గచ్చు ఎంత ఎత్తుంటే అంత మంచిదని మేస్త్రి మూడు అడుగులు లేపమన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ నేల మీద కూర్చున్న మోటారు నీటిని లాగడం అంటే నిజానికి అది పైపులో గాలిని ఖాళీ చేస్తే, బయటి గాలి ఒత్తిడి నీటిని పైకి నెట్టడమే. ఆ ఒత్తిడి ఎంత పూర్తిగా పనిచేసినా 34 అడుగులకు మించి నెట్టలేదు. పంపు అవసరాలు పోగా చేతికి మిగిలేది 22 అడుగుల చిల్లరే. మే నెలలో మా బావిలో నీళ్ళు నేల నుంచి 16 అడుగుల దిగువకు పోతాయి. గచ్చు అడుగున్నర ఎత్తు, గచ్చు మీద పంపు నడిబొడ్డు ఒక అడుగు ఎత్తు అనుకుంటే 18 అడుగుల 6 అంగుళాలు అయింది. పైపు రాపిడికీ, పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు అడ్డానికీ రెండున్నర అడుగులు వేసుకుంటే 21. ఇంకొక అడుగు మాత్రమే చేతిలో ఉంది. మేస్త్రి మాట విని మూడు అడుగులు లేపి ఉంటే, వరద నుంచి మోటారు తప్పించుకునేది గానీ, సరిగ్గా కాయ ఊరే నెలలో నీళ్ళు అందక గాలి పీల్చేది. మా వైపు కొందరు బావిలోనే సగం లోతున గట్టు కట్టి మోటారు దించుతారు. వేసవికి అది మేలే, కానీ కార్తీకంలో వాన పట్టిందంటే అర్ధరాత్రి గొలుసు వేసి మోటారును పైకి లాగడానికి మనుషులు కావాలి. నా వయసుకు ఆ పని వద్దనుకుని, గచ్చు నేలకు అడుగున్నర ఎత్తున స్థిరపరిచాను. నీళ్ళు అడుగు నిలిచినా మోటారు కాళ్ళు ఇంకొక అడుగు పైనే ఉంటాయి.

పునాది రెండున్నర అడుగుల లోతు, రెండు అడుగుల వెడల్పు, నల్లరాతి కట్టుబడి. ఇసుక నేలను గుద్దితే గట్టిపడదు, నీళ్ళు పట్టి నింపితేనే కూర్చుంటుంది, అలాగే చేయించాను. గది లోపలి కొలత 8 అడుగులకు 8 అడుగులు, గోడ ఎత్తు 7 అడుగులు, గోడ మందం 9 అంగుళాలు. ఈ కొలతలు ఎలా వచ్చాయంటే, మోటారును నడుమ పెట్టి, దాని చుట్టూ ఒక మనిషి గొంతుకూర్చుని పానా తిప్పడానికి నాలుగు వైపులా కనీసం రెండున్నర అడుగులు వదిలాను, అంతే. నాలుగు మూలల్లోనూ పునాది నుంచి స్లాబు వరకు 12 మిల్లీమీటర్ల ఊచలు నిలువుగా తీసుకుపోయి కాంక్రీటు పోయించాను. ఇంత చిన్న గదికి పిల్లర్లు ఎందుకని ఊళ్ళో నవ్వినవారు ఉన్నారు.

ఇసుక గురించి కొంచెం చెప్పాలి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇసుక కాలి కిందే ఉంటుంది. "తోటలో ఇసుకే పెట్టుకుని, కొనుక్కొస్తామంటారేంది అయ్యోరా?" అని మేస్త్రి ఆశ్చర్యపోయాడు. ఆ ఇసుక ఒక గుప్పెడు గ్లాసు నీళ్ళలో వేసి కలిపి, తేరుకున్నాక నాలుక మీద వేసుకుని చూడమన్నాను. సన్నగా ఉప్పు తగిలింది. ఆ కాస్త ఉప్పే చాలు. కాంక్రీటులో ఉప్పు ఉంటే లోపలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అలా ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. తీరం దగ్గర నేను పనిచేసిన ఒక బడిలో వరండా స్లాబు పెచ్చులూడి పడుతుంటే, పిల్లలను దూరంగా కూర్చోబెట్టి పాఠం చెప్పిన రోజులు నాకు బాగా గుర్తు. అందుకే ఏటి ఇసుక తెప్పించాను. కలపడానికి కూడా తాగే నీళ్ళే వాడించాను.

మోటారు కింద దిమ్మె గచ్చుతో కలవకూడదు. దానికి వేరే గుంట తీసి, 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర మందంతో కాంక్రీటు పోయించాను; ఆరు వందల కిలోల బరువుంటుంది. అది గచ్చు పైకి ఆరు అంగుళాలు మాత్రమే కనిపిస్తుంది. దిమ్మెకూ గచ్చుకూ మధ్య అంగుళం సందు వదిలి ఇసుక నింపాము. మోటారు అదురు దిమ్మెలోనే ఇంకిపోవాలి. గచ్చులోకి, గోడలోకి పాకితే రెండేళ్ళలో నెర్రెలు వస్తాయి. బోల్టులు నిలబెట్టడానికి మేస్త్రి టేపు చాలునన్నాడు. నేను మోటారు కాళ్ళ కొలతకు ఒక చెక్క ముక్కకు నాలుగు చిల్లులు వేయించి, బోల్టులను దాంట్లో బిగించి, ఆ చెక్కతో సహా కాంక్రీటులో నిలబెట్టించాను. మోటారు దించిన రోజు నాలుగు బోల్టులూ ఒకేసారి చిల్లుల్లోకి దిగాయి. కట్టుబడి మొత్తంలో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన క్షణం అదే అంటే ఎవరైనా నవ్వవచ్చు.

పైపులు గోడ దాటే చోట వాటి కంటే లావైన పీవీసీ పైపు ముక్కను గోడలో ఉంచి కట్టించాను. అసలు పైపు దాంట్లోంచి వదులుగా పోతుంది. చుట్టూ ఉన్న సందులో పాత సైకిలు ట్యూబు చుట్టి దూర్చాము. సక్షను వైపూ డెలివరీ వైపూ విప్పుకునేలా యూనియన్లు పెట్టించాను. పైపుల బరువు పంపు మూతి మీద వేలాడకుండా వాటి కింద చిన్న ఇటుక దిమ్మెలు కట్టించాను.

ఇక పైకప్పు. గాలి రేకును ఎగరగొట్టిందని మనమంటాము గానీ, ఎంత బలంతో అన్న లెక్క చాలామంది వేయరు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ 0.6తో హెచ్చవేస్తే చదరపు మీటరుకు న్యూటన్లలో ఒత్తిడి వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 28 మీటర్ల లోపు. ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 47 కిలోల బరువుతో సమానం. నా పాత కప్పు వెడల్పు 6 అడుగులు, పొడవు 6 అడుగులు, అంటే 3.3 చదరపు మీటర్లు. కప్పు మీదుగా గాలి దూసుకుపోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి రేకు పైకి లాగబడుతుంది. తలుపు సందుల్లోంచి దూరిన గాలి కింది నుంచి తోస్తుంది. ఈ రెండూ కలిసి సుమారు 155 కిలోల బలంతో లేపుతాయని లెక్క. రేకులు, ఇటుకలు, రెండు బస్తాలు అన్నీ కలిపినా 150 కిలోలు ఉండవు. పైగా రేకులను పట్టి ఉంచే జె బోల్టులు తుప్పు పట్టినవి. లెక్క ముందే వేసి ఉంటే ఆ రేకులు లేస్తాయని 2009లోనే తెలిసేది.

అయితే మన తీరానికి 100 కిలోమీటర్ల గాలి చాలదు. కట్టడాల మీద గాలి భారం కోసం మన దేశంలో అనుసరించే ఐఎస్ 875 ప్రమాణం, మూడవ భాగం, నెల్లూరు తీరానికి సెకనుకు 50 మీటర్ల వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగం రెట్టింపు కాకపోయినా ఒత్తిడి మూడింతలు దాటుతుంది. చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. చుట్టూ అడుగు చూరు వదిలితే నా కొత్త గది కప్పు 12.3 చదరపు మీటర్లు. దాన్ని పైకి లేపే బలం దాదాపు 1,840 కిలోలు. ఆ విస్తీర్ణానికి సిమెంటు రేకులు వేస్తే అన్నీ కలిపి రెండు వందల కిలోలకు మించవు. మిగిలిన బరువంతా బోల్టులూ యాంగ్యులర్లే ఆపాలి, ఉప్పు గాలికి అవి ఎన్నేళ్ళు ఆపుతాయో నేను చూశాను. నాలుగున్నర అంగుళాల స్లాబు బరువు మూడున్నర టన్నులు. ఎవరూ పట్టుకోనక్కరలేకుండా తన బరువుతో తానే కూర్చుంటుంది. ఇంతకు మించి స్లాబును సమర్థించడానికి నా దగ్గర వేరే వాదన లేదు. మెట్ట ప్రాంతంలో, కనిగిరి, పొదిలి వైపు ఉండేవారికి రేకుల కప్పే చాలవచ్చు.

స్లాబులో ఊచలను పలకలకు ఎడంగా ఎత్తి పట్టే కవరు దిమ్మెలు పెట్టకుండా కాంక్రీటు పోయడం మన వైపు మామూలే; కాళ్ళతో తొక్కితే ఊచలు సెంట్రింగు పలకలకు ఆనుకుంటాయి. నేను ఒకటింబావు అంగుళం కవరు దిమ్మెలు ముందురోజే పోయించి, ఆరబెట్టి, దగ్గర కూర్చుని పెట్టించాను. సిమెంటు, ఇసుక, కంకర కలిపే పాళ్ళు కూడా ఒకటికి ఒకటిన్నర, మూడు చాలునన్న మేస్త్రిని కాదని, ఒకటికి ఒకటి, రెండు వేయించాను. చూరు అంచు కింద వేలు పట్టేంత గాడి తీయించాను; లేకపోతే వాన నీళ్ళు స్లాబు కింది నుంచి లోపలికి పాకి గోడ మీదికి దిగుతాయి. పైన గట్లు కట్టి పద్నాలుగు రోజులు నీళ్ళు నిలిపాము. స్లాబు ఊచలు కట్టేటప్పుడే మోటారుకు సరిగ్గా పైన 16 మిల్లీమీటర్ల ఊచను కొక్కెంలా వంచి, పై ఊచలకు కట్టి కిందికి వేలాడదీయించాను. దానికి చైను పుల్లీ తగిలిస్తే మోటారును ఒక్క మనిషి లేపవచ్చు. ఆ కొక్కెం చూసి మా మెకానిక్ ఏమీ అనలేదు, ఒకసారి చేత్తో పట్టుకుని వేలాడి చూశాడు.

వాన గురించి ఆలోచించేవారు వేడి గురించి మరచిపోతారు. 5 హెచ్‌పీ మోటారు అంటే 3.7 కిలోవాట్ల పని. సామర్థ్యం నూటికి ఎనభై అయిదు అనుకున్నా 650 వాట్లు వేడిగా గదిలోకి వస్తాయి. మే నెల మధ్యాహ్నం ఒక హీటరును మూసిన గదిలో గంటల తరబడి వెలిగించి ఉంచినట్టు. మోటార్లను సాధారణంగా చుట్టూ గాలి 40 డిగ్రీలకు మించదన్న అంచనాతో తయారు చేస్తారు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ బయటే 44 దాటడం కొత్త కాదు. వైండింగు పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాని ఇన్సులేషను ఆయుష్షు సగానికి పడిపోతుందని మోటారు పని తెలిసినవారు చెప్పే లెక్క. అందుకే వేసవి గాలి వచ్చే దక్షిణపు గోడలో, తలుపుకు ఎడమ పక్కన, గచ్చుకు అడుగు ఎత్తున ఒక వెడల్పాటి వెంటిలేటరూ, వేడి గాలి పోవడానికి పడమటి గోడలో స్లాబు కిందుగా రెండూ పెట్టించాను. అన్నిటికీ సన్నకన్ను జాలి బిగించాను. ఎలుకలూ పాములూ పెద్ద సంగతి. నిజానికి స్టార్టర్లను ఎక్కువగా పాడు చేసేవి బల్లులూ చీమలే. స్లాబు పైన ఏటా ఫాల్గుణంలో సున్నం కొట్టిస్తే లోపల వేడి తగ్గడం చేతికే తెలుస్తుంది.

తలుపు ఇనుపది, 3 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. ఇద్దరు మోటారును పట్టుకుని పక్కకు తిరగకుండా నడిచి రావచ్చు. బయటికి తెరుచుకుంటుంది, పైనా కిందా గడియలున్నాయి. రాగి తీగ కోసం స్టార్టర్లూ కేబుళ్ళూ ఎత్తుకుపోయే దొంగతనాలు మా వైపు కొత్త కాదు గనుక, తాళం కప్పకు చుట్టూ ఇనుప పెట్టె వెల్డింగు చేయించాను. చెయ్యి దూరుతుంది, గునపం దూరదు.

కరెంటు సామాను మాటల్లో తేల్చదగినది కాదు. ఏటా వానాకాలంలో తడి స్టార్టరు పెట్టె ముట్టుకుని రైతులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాము. బోర్డును దక్షిణపు గోడకు లోపల, తలుపుకు కుడి పక్కన బిగించాను. గడపలో పొడి చెక్క మీద నిలబడే స్విచ్చి వేయవచ్చు, తడిసిన గచ్చు మీద నడవనక్కరలేదు. బోర్డు వెనక గోడకు అంగుళం ఎడం ఉంది, గోడ చెమ్మ దానికి అంటదు. బయటి నుంచి వచ్చే తీగ గోడలోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరుగుతుంది. తీగ వెంట జారే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఎర్తు కోసం 2.5 మీటర్ల జీఐ పైపును పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నింపాము. మోటారు ఒంటికి రెండు వేర్వేరు తీగలతో ఎర్తు ఇచ్చాము. ఒకటి తుప్పుపట్టి తెగినా రెండోది ఉంటుంది. ఇసుక నేల వేసవిలో ఎండిపోతే ఎర్తు పనిచేయదు, కాబట్టి ఆ గుంటలో వారానికి రెండు బిందెల నీళ్ళు పోయడం మా పాలేరుకు అప్పగించాను. ఫ్యూజు పోయినప్పుడల్లా దొరికిన తీగ నాలుగు పేటలు మెలిపెట్టి వేసే అలవాటును మాత్రం నేను ఎంత చెప్పినా చుట్టుపక్కల ఎవరూ మానలేదు.

గచ్చును మూలకు వాలుగా పోయించి, అక్కడి నుంచి నీళ్ళు బయటి పాదుకు పోయేలా పైపు పెట్టించాను. పంపు సీలు దగ్గర కారే జిడ్డు నీళ్ళు తిరిగి బావిలోకి పోకూడదు. ఆ బావి నీళ్ళే మేము తాగుతాము.

లెక్కకు, గోడలకు సుమారు 2,300 ఇటుకలూ 8 బస్తాల సిమెంటూ పట్టాయి. స్లాబుకే 15 బస్తాలు. పునాది, దిమ్మె, పూత వేరే. ఈ డబ్బుతో ఇంకొక మోటారు వచ్చేదని మా ఇంట్లో వినవలసి వచ్చింది, అది నిజమే కూడా.

మొన్న వేసవిలో పంపు సీలు మార్చడానికి మెకానిక్ వచ్చాడు. యూనియన్లు విప్పి, కొక్కేనికి పుల్లీ తగిలించి, సీలు మార్చి, మళ్ళీ బిగించి చేతులు కడుక్కునేసరికి ముప్పావు గంట కూడా కాలేదు. కూలి మాత్రం తగ్గించలేదు. కానీ కార్తీకంలో ఒక రాత్రి వాన ఈశాన్యం నుంచి మొదలై తెల్లవారుజామున పడమటికి తిరిగింది. పొద్దున తలుపు తీస్తే గచ్చు మీద నీళ్ళున్నాయి, మోటారు వెనక భాగం తడిసి ఉంది. తుపానులో గాలి పడమటికి తిరుగుతుందని పైన అంత వివరంగా రాసిన నేనే, ఆ పడమటి గోడలోనే పై వెంటిలేటర్లు పెట్టించుకున్నాను. అడుగు చూరు వాటికి సరిపోలేదు. మార్కాపురం పలకలు నాలుగు తెప్పించి పెట్టాను. వచ్చే ఆదివారం మేస్త్రి వస్తే వాటిని వెంటిలేటర్లకు బయట ఏటవాలుగా, గాలి పోయేలా, వాన ఎదురుకొట్టకుండా దిగవేయించాలి. అప్పటిదాకా మోటారు మీద పాత గోనెపట్టా ఒకటి కప్పి ఉంచాను, నడిపేటప్పుడు తీసి పక్కన పెడుతున్నాను.